ఏఐ ఏజెంటుకు గిట్‌హబ్ టోకెన్ అప్పగించే ముందు

కోడు రాసే ఏఐ ఏజెంటుకు గిట్‌హబ్ (కోడును భద్రపరచి పంచుకునే సైటు) టోకెన్, అంటే పాస్‌వర్డులా పనిచేసే రహస్య కీ, ఇవ్వవలసి వస్తే, రిపాజిటరీలన్నిటినీ (కోడు భద్రపరచే ప్రాజెక్టు ఫోల్డర్లన్నిటినీ) తెరిచిపెట్టగల పాత క్లాసిక్ టోకెన్‌ను పక్కనబెట్టి, అనుమతులను విడివిడిగా ఎంచుకోగల, 2022లో వచ్చిన ఫైన్‌గ్రెయిన్డ్ టోకెన్‌ను పని ఉన్న ఒక్క రిపాజిటరీకే, తక్కువ గడువుతో తయారుచేసుకోవాలి. దానిని చాట్‌లో అతికించకూడదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (ప్రోగ్రాములు చదువుకునేందుకు సిస్టమ్‌లో పేరుతో ఉంచే విలువలో) పెడితే చాలునని కొందరు అంటారు గానీ, ఏజెంటుకు టెర్మినల్ అందుబాటులో ఉంటే ‘ప్రింట్‌ఎన్వ్’ అన్న ఒక్క ఆదేశంతో అది బయటపడుతుంది. గిట్‌హబ్‌లో సమస్యలను నమోదుచేసే ‘ఇష్యూ’లో ఎవరో దాచిపెట్టిన సూచనను చదివి ఏజెంటే ఆ ఆదేశాన్ని నడపవచ్చు కూడా. అందుచేత టోకెన్‌ను ఏజెంటు చేతికి ఇవ్వకుండా, గిట్‌హబ్‌తో మాట్లాడే పనిని విడిగా నడిచే టూల్ సర్వరుకు అప్పగించడం మేలు. టోకెన్ పొరపాటున కమిట్‌లోకి (గిట్ అనే సాధనం చరిత్రలో నమోదుచేసే మార్పులోకి) వెళితే, ఫైలు తీసివేసినా గిట్ చరిత్రలో మిగిలే ఉంటుంది కనుక, ముందుగా ఆ టోకెన్‌ను రద్దు చేసి, తరువాతే చరిత్రను శుభ్రం చేసుకోవాలి.