బ్రెడ్‌బోర్డ్ పవర్ రెయిల్: ఎర్ర గీతను నమ్మే ముందు మీటరు పెట్టండి

సర్క్యూట్ సగం పనిచేసి మిగతా సగం ఉలుకూ పలుకూ లేకుండా ఉందంటే, కోడ్ జోలికి పోకముందే బ్రెడ్‌బోర్డ్ (టంకం లేకుండా భాగాలను రంధ్రాల్లో గుచ్చి కలిపే బోర్డు) అంచున ఉన్న ఎర్ర గీతను చూడండి. అంచుల వెంట పవర్ పంచే రంధ్రాల వరుసలే పవర్ రెయిళ్లు: ఎర్ర గీత ఉన్నది ప్లస్, నీలం గీత ఉన్నది మైనస్. 830 రంధ్రాల బోర్డుల్లో చాలావాటికి పవర్ రెయిల్ సరిగ్గా నడిమధ్యన తెగి ఉంటుంది. ఎడమ సగానికి 5 వోల్టులు ఇచ్చినా కుడి సగానికి ఏమీ అందదు. గీత కూడా అక్కడే తెగి కనిపిస్తే మీ అదృష్టం. పైన గీత నిండుగా ఉండి, రంధ్రాలను కలిపే లోపలి లోహపు రేకు మాత్రం రెండు ముక్కలుగా ఉన్న బోర్డులూ ఉంటాయి.

ఆ 830లో 630 రంధ్రాలు మధ్య భాగానివి, మిగతా 200 నాలుగు రెయిళ్లవి. అంటే ఒక్కో రెయిల్‌కు 50. 400 రంధ్రాల బోర్డులో రెయిల్‌కు 25 ఉంటాయి. 170 రంధ్రాల చిన్న బోర్డుకు అసలు రెయిళ్లే ఉండవు.

కొత్త బోర్డు చేతికి రాగానే, పవర్ ఏమీ ఇవ్వకుండా, మల్టీమీటర్‌ను బీప్ వచ్చే కంటిన్యుటీ మోడ్‌లో పెట్టండి. ప్రోబ్ మొనను రంధ్రంలోకి గుచ్చకండి. అది లావుగా ఉంటుంది కాబట్టి లోపలి క్లిప్పు సాగిపోయి, తర్వాత ఆ రంధ్రంలో ఏ వైరూ బిగువుగా నిలవదు. ఎర్ర రెయిల్ మొదటి రంధ్రంలో ఒకటి, చివరి రంధ్రంలో ఒకటి వైరు ముక్కలు దించి, ప్రోబ్‌లను వాటికి తాకించండి. బీప్ వస్తే రేకు ఒకటే, రాకపోతే మధ్యలో తెగినట్టు. నాలుగు రెయిళ్లకూ ఇలాగే చేయండి. పక్కపక్కనున్న ఎరుపు, నీలం మధ్య మాత్రం బీప్ రాకూడదు.

తెగినచోట రెండు వైపులా చివరి రంధ్రాలను కలుపుతూ పొట్టి జంపర్ (కలిపే వైరు ముక్క) వేయండి. నాలుగు రెయిళ్లూ తెగి ఉంటే నాలుగు జంపర్లు. పై రెయిళ్లకూ కింది రెయిళ్లకూ లోపల సంబంధం లేదు కాబట్టి ఎరుపును ఎరుపుతో, నీలాన్ని నీలంతో కలిపే మరో రెండు. వీటికి 22 గేజ్ ఒంటి తీగ వైరు బాగా కుదురుతుంది. చివర 6 నుంచి 7 మిల్లీమీటర్లు ఒలిస్తే చాలు. ఎక్కువ ఒలిస్తే బయటికి కనిపించే రాగి పక్క వైరును తాకుతుంది. పోగుల వైరు రంధ్రంలోకి దిగకుండా మడత పడుతుంది.

ఒక వైపు 5, మరో వైపు 3.3 వోల్టులు వాడేటట్టయితే నీలాన్ని మాత్రమే కలపండి, ఎర్ర రెయిళ్లను కలపకూడదు. బోర్డు చివర గుచ్చే పవర్ సప్లై మాడ్యూల్ వాడితే దాని మీది ప్లస్, మైనస్ గుర్తులు రెండు వైపులా గీతలతో కలిశాయో లేదో చూడండి. తర్వాత ఐసీలు (చిప్‌లు) పెట్టకముందే రెండు రెయిళ్ల వోల్టేజీ కొలవండి. మాడ్యూల్ మీద వోల్టేజీని ఎంచే చిన్న జంపర్ టోపీ 5 దగ్గర ఉండిపోయి 3.3 వోల్టుల సెన్సర్ కాలిపోవడం మామూలు తప్పే.

తెగిన రెయిల్ ఒక్కోసారి మరీ తికమక పెడుతుంది. ఐసీకి పవర్ అందకపోయినా, ఇన్‌పుట్ కాలికి (పిన్‌కు) వచ్చే 5 వోల్టుల సిగ్నల్ లోపలి రక్షణ డయోడ్ గుండా పవర్ కాలికి చేరుతుంది. అక్కడ కొలిస్తే 4 వోల్టుల పైచిలుకు చూపిస్తుంది, ఎల్ఈడీ మసగ్గా వెలుగుతుంది, ఐసీ ఒకసారి పనిచేసి ఒకసారి మొరాయిస్తుంది. ఐసీ చెడిపోయిందనుకుని మార్చినా ఫలితం అదే.

అందుకే వోల్టేజీని రెయిల్ మీద కాదు, సర్క్యూట్ నడుస్తుండగా ఐసీ పవర్, గ్రౌండ్ కాళ్ల మధ్యే కొలవాలి. సన్నని జంపర్లు, వదులు క్లిప్పులు కలిసి దారిలో అర ఓమ్ ఉన్నా, 400 మిల్లీఆంపియర్లకు 0.2 వోల్టు అక్కడే పోతుంది. వైఫై ఆన్ కాగానే ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న మైక్రోకంట్రోలర్) రీసెట్ అవుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. నష్టం ఎక్కడో తెలియాలంటే ఒక ప్రోబ్ సప్లై మైనస్ దగ్గర, మరొకటి ఐసీ గ్రౌండ్ కాలి దగ్గర పెట్టండి. అక్కడ కొన్ని మిల్లీవోల్టులే ఉండాలి. వందల్లో ఉంటే గ్రౌండ్ వైరు మార్చండి. తర్వాత ప్లస్ వైపు కూడా ఇలాగే చూడండి.

సప్లై నుంచి పవర్ వచ్చి రెయిల్‌లో చేరేచోట 100 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ (కాస్త కరెంటును నిల్వ ఉంచే భాగం) ఒకటి పెట్టండి. దాని మీద చార ఉన్న కాలు మైనస్. ప్రతి ఐసీ పవర్, గ్రౌండ్ కాళ్లకు ఎంత దగ్గరైతే అంత దగ్గరగా 104 అని రాసి ఉన్న 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కూడా ఉండాలి. దాన్ని రెయిల్ చివర పెడితే పెద్దగా పనికిరాదు.

మోటార్లకు, సర్వోలకు (చెప్పిన కోణానికి తిరిగే మోటార్లకు) రెయిల్ మీదుగా కరెంటు ఇవ్వకండి. చిన్న సర్వో కూడా బిగుసుకుంటే అర ఆంపియర్ దాటుతుంది, బోర్డు క్లిప్పులకు 1 ఆంపియరే ఎక్కువ. బ్యాటరీ నుంచి మోటార్ డ్రైవర్‌కు లావు వైర్లు నేరుగా వేసి, బ్యాటరీ మైనస్ నుంచి నీలం రెయిల్‌కు ఒక్క వైరు కలపండి. ఆ ఒక్కటి మరిస్తే మోటారు సిగ్నల్‌ను పట్టించుకోదు, లేదా తనకు తోచినట్టు తిరుగుతుంది.