గ్రాఫిక్స్ కార్డ్ కంటే ముందు ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదవండి

మొన్న సిరిమానోత్సవానికి విజయనగరం వచ్చిన మా పిన్ని కొడుకు తన పాత సీపీయూ కూడా మోసుకొచ్చాడు. "అన్నయ్యా, కార్డ్ పెట్టిన మూడో రోజే మాడు వాసన వచ్చింది" అన్నాడు. పక్క రేకు తీసి చూశాను. హార్డ్ డిస్కుకు పెట్టే సాటా కరెంటు పిన్ను నల్లబడి, ప్లాస్టిక్ కరిగి, అడాప్టర్‌కి అతుక్కుపోయి ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆర్‌ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డ్ పోయింది, మదర్‌బోర్డూ పోయింది. ఆరు నెలలు దాచుకున్న డబ్బు.

ర్యామ్ ఎంత, కేబినెట్‌లో కార్డ్ పడుతుందా అన్నవి అందరూ చూసుకుంటారు. చూడనిది ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా. పాత సీపీయూల్లో చాలావాటికి కేబినెట్‌తో పాటు వచ్చినదే ఉంటుంది. దాని మీద 450 వాట్లు అని పెద్ద అంకె ఉంటుంది. ఆ అంకెను నమ్మకండి. లేబుల్‌లో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. మా వాడి దాంట్లో 14 ఉంది, అంటే 168 వాట్లు. ఆర్‌ఎక్స్ 580 ఒక్కదానికే 185 కావాలి. వాడి నాలుగో తరం ఐ5 ప్రాసెసర్‌కి ఇంకో 84.

మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డ్‌కి అందేది 75 వాట్లే. ఆపైన కావాలంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా తీగ రావాలి. 6 పిన్నులదైతే 75, 8 పిన్నులదైతే 150. ఆ తీగ మీ ఎస్‌ఎంపీఎస్‌కి లేదంటే, అంత లోడ్ కోసం దాన్ని చేయలేదన్నమాట. అప్పుడే షాపులో సాటా పిన్ను నుంచి కార్డ్‌కి కరెంటు ఇచ్చే చిన్న అడాప్టర్ చేతిలో పెట్టి "సరిపోద్ది తమ్ముడూ" అంటారు. సాటా పిన్ను 12 వోల్టుల మీద మోసేది 54 వాట్లు. దాంట్లోంచి 150 లాగితే మాడకేం చేస్తుంది?

ఎస్‌ఎంపీఎస్ మార్చే డబ్బు లేకపోతే అదనపు తీగ అడగని కార్డ్ చూసుకోండి. జీటీఎక్స్ 1050 టీఐ, జీటీఎక్స్ 1650 రెండూ 75 వాట్లవే. కానీ 1650లో కొన్ని మోడళ్లకు 6 పిన్నుల సాకెట్ ఉంటుంది, కార్డ్ అంచు చూసి కొనండి. ఆర్‌ఎక్స్ 6400 ఇంకా తక్కువ, 53 వాట్లు. అయితే అది బోర్డుతో 4 లేన్ల (డేటా దారుల) మీదే మాట్లాడే కార్డ్, పాత బోర్డులో స్పీడ్ తగ్గుతుంది. ఏ కార్డ్ అయినా ఆ 12 గుణకారం చేయందే డబ్బు ఇవ్వకండి.

సెకండ్ హ్యాండ్ అయితే గేమ్ పెట్టించి అరగంట నడిపించి చూడండి. 2022 సెప్టెంబర్‌లో కార్డులతో చేసే ఈథీరియం (క్రిప్టో కరెన్సీ) మైనింగ్ ఆగిపోయాక, రాత్రింబవళ్లు తిరిగిన కార్డులు చాలా అమ్మకానికి వచ్చాయి. ఆర్‌ఎక్స్ 580 పక్కన 2048 ఎస్‌పీ అని ఉంటే అది తక్కువ రకం, 580 ధర ఇవ్వకండి. 1050 టీఐ పేరుతో పాత కార్డులు అంటగడతారు, కార్డ్ వివరాలు చూపే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో చూడకుండా తీసుకోకండి. ప్లగ్ పీకకుండా లోపల చేయి పెట్టకండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకండి, ప్లగ్ పీకినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. ఒక కంపెనీ ఎస్‌ఎంపీఎస్ తీగ ఇంకో కంపెనీదానికి పెట్టకండి, పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు. ఎర్తింగ్ లేని ప్లగ్‌లో పెట్టకండి. తుఫాను గాలి మొదలైతే ప్లగ్ పీకేయండి, కరెంటు వచ్చాక వోల్టేజీ కుదురుకునే దాకా పెట్టకండి. సాటా అడాప్టర్ కొనకండి. కార్డ్‌తో పాటు ఉచితంగా ఇచ్చినా వాడకండి.