కారం లేని గొర్రె మాంసం: ఇంట్లో దోగ్రామా చేసుకోవడం

మాది వరంగల్, ఏనుమాముల. మిర్చి యార్డు మా ఇంటికి రెండు వీధుల అవతలే. సీజన్‌లో బస్తాలు దిగుతుంటే ఇంట్లో కూర్చున్నా తుమ్ములు ఆగవు. అట్లాంటి చోట కూర్చుని కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ఏదీ పడని మాంసం వంట గురించి రాస్తున్నాను. మొదటిసారి వండి పెట్టినప్పుడు మా అమ్మ ఒక ముద్ద తిని, "ఇదేందిరా, బాలింత పత్యం లెక్కున్నది" అన్నది. రెండోసారికి మాట్లాడకుండా రెండు గిన్నెలు తిన్నది.

దీని పేరు దోగ్రామా. చేత్తో తుంచిన రొట్టె, మాంసం, ఉల్లిగడ్డ కలిపి, మీద షోర్బా, అంటే ఆ మాంసం ఉడికిన నీళ్లు, పోసుకుని తినేది. తుర్క్‌మెనిస్తాన్‌లో కుర్బాన్ పండుగకు, అంటే మన బక్రీద్‌కు, ముఖ్యంగా వండేది ఇదే. వాళ్ల భాషలో దోగ్రామక్ అంటే ముక్కలు చేయడం. నేను పైపుల వెల్డర్‌ని. 2016 నుంచి రెండేళ్లు కాస్పియన్ సముద్రం ఒడ్డున కియాన్లీ దగ్గర గ్యాస్ ప్లాంటు పనిలో ఉన్నాను. క్యాంపు మెస్సులో రోజూ అదే క్యాబేజీ, అదే చికెన్. 2017 పండుగకు స్టోర్ చూసే తుర్క్‌మెన్ పెద్దాయన తన ఇంటికి తీసుకెళ్లాడు. బయట పిల్లలూ పెద్దలూ పెద్ద ఉయ్యాల ఊగుతున్నారు, ఆ పండుగనాడు ఊగితే పాపాలు పోతాయట. లోపల మాత్రం నేల మీద బట్ట పరిచి పదిమంది కూర్చుని రొట్టెలు తుంచుతున్నారు. నాకూ ఒక రొట్టె ఇచ్చి కూర్చోమన్నారు. నేను నేర్చుకున్నది అక్కడే.

ఆరుగురికి కావలసినవి: బొక్కలతో గొర్రె మాంసం కిలోన్నర, గోధుమ పిండి కిలో, ఉల్లిగడ్డలు అర కిలో, ఉప్పు, మిరియాలు. అంతే.

మాంసం గొర్రెదే కావాలి. మేక మాంసంతో ఒకసారి చేశాను, షోర్బా పలచగా, ముఖం మాడ్చుకున్నట్టుగా వచ్చింది. అక్కడి గొర్రెలకు తోక దగ్గర గంపెడు కొవ్వు ఉంటుంది, రుచంతా దానిదే. మన గొర్రెలకు ఆ తోక లేదు కాబట్టి, కొట్టే అన్నను అడిగి వంద గ్రాముల కొవ్వు విడిగా తీసుకోండి. మెడ, జబ్బ, నల్లి బొక్క కలిపి పెద్ద ముక్కలుగా కొట్టించండి. కూరకు కొట్టినట్టు చిన్నగా కొట్టిస్తే బొక్క ముక్కలు ఏరలేక చస్తారు.

గొర్రెల మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. గోల్కొండ కుతుబ్ షాహీలను మొదలుపెట్టిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చినవాడు. ఆయన వంశం కారా కొయున్లు అనే తుర్క్‌మెన్ తెగకు చెందింది. కారా కొయున్లు అంటే నల్ల గొర్రెలవాళ్లు. మన కురుమల గొంగడికి ఉన్ని ఇచ్చేదీ నల్ల గొర్రే. ఆ తెగా, ఈ రోజు తుర్క్‌మెనిస్తాన్‌లో ఉండేవాళ్లూ అచ్చంగా ఒకటని అనను, దూరపు చుట్టాలు అనుకోండి. ఏదేమైనా వాళ్ల ఇంట్లో కూర్చుంటే చాయ్, పలావ్, చోర్బా, తామ్‌దీర్ అనే మాటలు చెవిన పడి, నాకు పరాయి దేశం అనిపించలేదు. తామ్‌దీర్ అంటే మన తందూరే.

మందపాటి గిన్నెలో మాంసం, కొవ్వు వేసి నాలుగు లీటర్ల చన్నీళ్లు పోయండి. పొంగు రాగానే పైకి తేలే నురగ గరిటెతో తీసేస్తూ ఉండండి, ఈ పనికి పది నిమిషాలు ఓపిక కావాలి. తర్వాత ఉప్పు వేసి, మంట బాగా తగ్గించి రెండున్నర, మూడు గంటలు వదిలేయండి. కుక్కర్‌లో అయితే అరగంటలో అయిపోతుంది గానీ షోర్బా తెల్లగా మడ్డిగా వస్తుంది. మాంసం బొక్కను తనంతట తాను వదలాలి, అదే గుర్తు.

ఇక రొట్టె. నేను దెబ్బతిన్నది ఇక్కడే. మొదటిసారి బద్ధకించి హన్మకొండలో ఒక హోటల్ నుంచి మెత్తటి నాన్‌లు తెచ్చాను. ఈస్ట్ వేసిన మైదా అది. షోర్బా పోయగానే మొత్తం గోడలకు పోస్టర్లు అంటించే లై అయింది. మా అమ్మ తిన్న పత్యం అదే. దోగ్రామాకు పులవని పిండి రొట్టె కావాలి. గోధుమ పిండిలో ఉప్పు వేసి, చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా కలిపి అరగంట ఉంచండి. చిటికెన వేలు మందాన ఒత్తి, ఇనుప పెనం మీద మూత పెట్టి సన్న మంట మీద ఒక్కో వైపు ఆరేడు నిమిషాలు కాల్చండి. నూనె చుక్క కూడా వద్దు. నడుమ పచ్చిగా ఉందేమో ఒకటి విరిచి చూసుకోండి. తందూర్ ఉన్న దోస్తు ఎవరైనా ఉంటే ఇంకా మంచిది, ఆ పొగ వాసన పెనానికి రాదు. కాల్చిన రొట్టెను బోర్లా పెట్టకండి. వాళ్లు ఒప్పుకోరు, నేను ఒకసారి పెడితే పెద్దాయన మాట్లాడకుండా తిప్పి పెట్టాడు.

రొట్టెలు గోరువెచ్చగా ఉన్నప్పుడే తుంచడం మొదలుపెట్టాలి. బొటనవేలి గోరంత ముక్కలు. కత్తి వాడొద్దు, మిక్సీ మాట అసలే ఎత్తొద్దు. చేత్తో తుంచిన ముక్కకు అంచులు గరుకుగా ఉంటాయి, షోర్బా అక్కడే పడుతుంది. కిలో పిండి రొట్టెలు ఒక్కరే తుంచితే గంటన్నర పడుతుంది, వేళ్లు గుంజుతాయి. అందుకే ఇది ఒక్కరి వంట కాదు. నేను ఆదివారం పొద్దున మా చెల్లెను, బావను, పిల్లలను పిలిచి, ఈత చాప మీద తెల్ల బట్ట పరిచి కూర్చోబెడతాను. ముచ్చట్లు మొదలైతే రొట్టెలు ఎప్పుడు అయిపోయాయో తెలియదు. మా మేనల్లుడు ఫోన్ చూస్తూ తుంచుతాడు, వాడి ముక్కలు మాత్రం అరచేయంత ఉంటాయి.

ఉల్లిగడ్డలు వీలైనంత సన్నగా, పొడుగ్గా కోసి రొట్టె ముక్కల మీద చల్లండి. మన ఎర్ర ఉల్లిగడ్డ ఘాటు ఎక్కువే, అయినా కడగొద్దు. మాంసం బయటికి తీసి, చల్లారాక చేత్తోనే పీచుపీచుగా విడదీసి దాని మీద వేయండి. అర చెంచా మిరియాల పొడి వేసి, రెండు చేతులతో కింది నుంచి పైకి కలిపి, అదే బట్ట నాలుగు మూలలూ పైకి మడిచి ఇరవై నిమిషాలు కప్పి ఉంచండి. పచ్చి ఉల్లి వాసన రొట్టెకు పట్టేది ఈ ఇరవై నిమిషాల్లోనే. ఆకలైతుందని బట్ట ముందే విప్పొద్దు.

గిన్నెలో ముప్పాతిక వంతు ఈ మిశ్రమం వేసి, మరుగుతున్న షోర్బా మునిగేదాకా పోసి, పైన మళ్లీ మిరియాలు. వెంటనే తినాలి. నిమ్మకాయ పిండుకోవాలని మనసు లాగుతుంది. పిండుకోండి, నేను ఎవరికీ చెప్పను. పక్కన పచ్చిమిరపకాయ కొరుక్కోవడం కూడా మా ఇంట్లో మొదలైంది.

దీని తర్వాత గ్రీన్ టీ. వాళ్లు గోక్ చాయ్ అంటారు. పాలు, చక్కెర ఉండవు. వచ్చిన ప్రతి మనిషికీ విడిగా ఒక చిన్న కెటిల్ పెడతారు, అది నాకు చాలా నచ్చింది. దారం సంచులు కాకుండా విడి ఆకు కొనండి. వేడి నీళ్లు పోశాక, మొదట కొంచెం గిన్నెలోకి వంచి తిరిగి కెటిల్‌లో పోయాలి, ఇట్లా మూడుసార్లు. రంగు సమంగా దిగుతుంది. కొవ్వు తిన్న నాలుకకు ఆ వగరు బాగుంటుంది.

ఇంకో పానీయం ఉంది, అది మనకు దొరకదు. ఒంటె పాలను పులియబెట్టి చేసేది, పుల్లగా, నాలుక మీద సోడాలా చిటచిటమంటుంది. కరాకుమ్ ఎడారి దేశంలో చాలా భాగం ఆక్రమించింది కాబట్టి ఒంటెలకు కొదవ లేదు. దాని పేరు చాల్. పెద్దాయన భార్య నా గిన్నెలో పోస్తుంటే, నిండుతుందని నేను చెయ్యి అడ్డం పెట్టి "చాలు, చాలు" అన్నాను. ఆమె సంతోషపడి ఇంకో గిన్నె తెచ్చి పోసింది. మళ్లీ "చాలమ్మా" అన్నాను. మూడోది వచ్చింది. ఆ తర్వాత నోరు మూసుకుని తల మాత్రమే ఊపాను. ఇంట్లో దాని బదులు పుల్లటి సల్ల పెడుతున్నాను, పేరు దగ్గరగా ఉందని. రుచికి సంబంధం లేదు.

మిగిలితే మిశ్రమాన్ని షోర్బాలో కలపకుండా విడివిడిగా ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు షోర్బా ఒక్కటే మరిగించి, చల్లటి మిశ్రమం మీద పోసుకుంటే చాలు. అప్పటికి ఉల్లి ఘాటు తగ్గి ఉంటుంది, మా అమ్మ అడిగి తినేది ఆ రెండో రోజుదే.