నాలుగు డిస్కులు, సగం మాయం: బావ ఆఫీసు సర్వర్ కథ

హిమాయత్‌నగర్‌లో మా బావ ట్యాక్స్ ఆఫీసు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీలో సెకండ్ హ్యాండ్ రెయిడ్ కార్డు (కొన్ని డిస్కులను కలిపి ఒకే డిస్కులా చూపించేది) తెచ్చి, నాలుగు 2 టీబీ డిస్కులు తగిలించాను. రెయిడ్ 10 కాబట్టి సగం కాపీకే పోయినా 4 టీబీ మిగలాలి. విండోస్ ఎక్కిద్దామంటే మొదట డిస్కే కనపడలేదు. పెన్‌డ్రైవ్ నుంచి కార్డు డ్రైవర్ లోడ్ చేస్తే కనపడింది కానీ 2048 జీబీ వరకే వాడుకోనిస్తోంది.

"ఏం బామ్మర్దీ, డబ్బులు నావి, డిస్కులు ఎటు పోయాయి?" అన్నాడు బావ, టీ తాగుతూ.

పాత కార్డు, యూఈఎఫ్‌ఐ (కంప్యూటర్ బూటయ్యే కొత్త పద్ధతి) సపోర్ట్ లేదు. లెగసీ బూట్, అంటే పాత పద్ధతిలో విండోస్ లేవాలంటే డిస్కు మీద ఎంబీఆర్ అనే పాత రకం పార్టిషన్ పట్టికే ఉండాలి. అందులో సెక్టార్ నంబరుకు 32 బిట్లే చోటు. సెక్టారుకు 512 బైట్లు చొప్పున లెక్కేస్తే 2 టీబీ దగ్గర ఆగిపోతుంది. దీనికోసం రెండు రాత్రులు కేబుళ్లు మార్చుకుంటూ కూర్చున్నాను, సిగ్గుచేటు.

అర్రే (కలిపిన డిస్కుల జట్టు) తీసేసి, కార్డు మెనూలో అవే డిస్కులను రెండు ముక్కలు చేశాను: విండోస్‌కి 200 జీబీ, మిగతాదంతా డేటాకి. డేటా ముక్క నుంచి బూట్ అవ్వక్కర్లేదు కాబట్టి దాన్ని తర్వాత జీపీటీ (ఆ 2 టీబీ హద్దు లేని కొత్త రకం పట్టిక) చేశాను.

అయినా రీస్టార్ట్ చేస్తే నల్ల స్క్రీను మీద గీత మినుకుమినుకుమంటోంది. కార్డు మెనూలో బూట్ డ్రైవ్‌గా 200 జీబీ ముక్కను ఎంచుకోవడం మర్చిపోయాను! అది పెట్టగానే లేచింది.

కార్డు బ్యాటరీ చచ్చిపోయింది కాబట్టి రైట్ బ్యాక్ (డేటాను ముందు కార్డులోని క్యాష్ మెమరీలో పెట్టుకుని, తర్వాత డిస్కుకి రాయడం) ఆన్ చేయలేదు. అది ఆన్‌లో ఉండగా కరెంటు పోతే క్యాష్‌లో ఉన్నది గల్లంతే. అది లేక కాస్త నెమ్మదిగా ఉందని బావ సణుగుతున్నాడు.