సెలూన్ పెట్టేవారికి పాఠాలు – 4: ‘కొంచెం’ అంటే ఎంత?

ఈసారి ధరల పట్టిక ఎలా రాయాలో చెప్తానని మూడో పాఠం చివర మాటిచ్చాను. అది ఐదో పాఠానికి వాయిదా. మీరు పంపిన అభ్యాసాలు చదివాక ముందు నా తప్పు నేను దిద్దుకోవాల్సి వచ్చింది.

పోయినసారి మిమ్మల్ని ఏం చేయమన్నాను? తెలిసినవాళ్లు పదిమందిని పట్టుకుని, “కొత్త సెలూన్ పెడితే అందులో మీకేం కావాలి?” అని అడిగి, జవాబులు రాసి పంపమన్నాను. పంపారు. ఎవరి కాగితం తీసినా అవే మూడు ముక్కలు: శుభ్రంగా ఉండాలి, రేటు తక్కువుండాలి, మర్యాదగా మాట్లాడాలి. ఈ మూడూ హోటల్‌కీ సరిపోతాయి, పళ్ల డాక్టరుకీ సరిపోతాయి. మీ సెలూన్‌లో ఏ పనికి ఎంతసేపు పెట్టుకోవాలో, ఏ కుర్చీ ఎక్కడ వేయాలో వీటితో తేలదు. ఒకరైతే ఇంకో అడుగు ముందుకేసి 22 ప్రశ్నల ఫారం అచ్చువేయించారు. తలకు రంగు పట్టించుకుని కూర్చున్న కస్టమర్ చేతికి ఆ ఫారం, పెన్ను ఇచ్చారు. ఆవిడ ఏడో ప్రశ్న దాకా ఓపిక పట్టి, మిగతా అన్నిటికీ ‘అవును’ దగ్గర టిక్కు పెట్టేసిందట. “మా పనిలో మీకు నచ్చనిది ఏమైనా ఉందా?” అన్నది కూడా అందులో ఒకటి. దానికీ అవుననే. ఏది నచ్చలేదో మాత్రం రాయలేదు.

తప్పు మీది కాదు, నేనిచ్చిన ప్రశ్నది. “ఏం కావాలి” అంటే ఎవరైనా పద్ధతైన జవాబు చెప్తారు. “ఇంతకుముందు వెళ్లే సెలూన్ ఎందుకు మానేశారు?” అని అడిగి చూడండి. అప్పటిదాకా ముక్తసరిగా మాట్లాడిన మనిషి కుర్చీ ముందుకు జరుపుకుంటారు. కొత్త సెలూన్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఎక్కడో ఒక పాత కుర్చీ వదిలేసి వస్తున్నవాళ్లే. ఎందుకు వదిలేశారన్నదే మీకు కావలసిన జవాబు.

ఈ వారం నేనే ఆ ప్రశ్న పట్టుకుని తిరిగాను. ఒకాయన ఇచ్చిన టైముకే వెళ్లినా నలభై నిమిషాలు కూర్చోబెట్టారట. కూర్చోబెట్టినందుకు కాదు, ఎంతసేపు పడుతుందో ఒక్కరూ చెప్పనందుకు మానేశారు. ఇంకొకావిడకు బోర్డు మీద ఒక రేటు, బిల్లులో ఇంకో రేటు. “మీ జుట్టు పొడుగెక్కువ కదండీ” అన్నారట, పని అంతా అయ్యాక. జుట్టు పొడుగు తలుపు తీసుకుని లోపలికొచ్చినప్పుడే కనిపిస్తుంది కదా! మరొకామెను ఫేషియల్ కోసం పడుకోబెట్టి, కళ్ల మీద దూది పెట్టి, ముఖానికి ప్యాక్ వేశాక మొదలుపెట్టారు: మీ స్కిన్ చాలా డల్‌గా ఉంది, ఈ సీరమ్ తీసుకోండి, ఈ ప్యాకేజీ తీసుకోండి అని. నోరు కదిపితే ప్యాక్ పగులుతుంది. కాదనడానికి కూడా వీల్లేదు. ఆ అమ్మకం జరిగింది, కస్టమర్ పోయింది.

మెడ నొప్పి గురించి ఇద్దరు చెప్పారు. తల వెనక్కి వాల్చి కడిగే బేసిన్ దగ్గర మెడ మరీ వంగిపోతే వచ్చేది ఒట్టి నొప్పే కాకపోవచ్చు. 1993లో అమెరికాలో జామా అనే వైద్య పత్రికలో ఒక నరాల వైద్యుడు సెలూన్‌లో తల కడిగించుకున్నాక పక్షవాతం తరహా లక్షణాలు కనిపించిన ఐదుగురి గురించి రాశారు. మెడ వెనక్కి విరిగినట్టు ఉన్నప్పుడు మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు నొక్కుకుపోవడమో చిట్లడమో జరగొచ్చు. ఇది చాలా అరుదు. అయినా బేసిన్ కొనేముందు మీరు దానిలో తల పెట్టి పది నిమిషాలు పడుకోండి. కంపెనీ వాడు నవ్వితే నవ్వనీయండి. మెడ కింద చుట్టిన టవల్ పెట్టడం, పొట్టివాళ్లకు కుర్చీ ఎత్తు పెంచడం నేను ఎవరూ అడగకుండానే చేస్తాను.

శుభ్రత గురించి రాయను. దువ్వెనలూ కత్తెరలూ కడిగి, క్రిములను చంపే మందు కలిపిన నీళ్లలో సీసా మీద రాసినంతసేపు నానబెట్టాలని, వ్యాక్స్‌లో ముంచిన పుల్ల మళ్లీ ముంచకూడదని ఇప్పటికీ చెప్పించుకునేవాళ్లు ఈ పాఠాలు ఇక్కడితో ఆపేయొచ్చు.

ఆ ఒక్క మాట

ఇప్పుడు నన్ను ఏళ్ల తరబడి విసిగిస్తున్న సంగతికి వస్తాను. మీ కాగితాల్లో పదిచోట్ల కనిపించింది: “కస్టమర్ కొంచెం కట్ చేయమన్నారు, కొంచెమే చేశాను, అయినా ముఖం మాడ్చుకున్నారు.”

కొంచెం అంటే ఎంత? చెప్పేవాళ్లకు ఒక కొలత, వినేవాళ్లకు ఇంకో కొలత. మనకు కత్తెర చేతిలో ఉంటే మూడు సెంటీమీటర్లు కూడా కొంచెమే. ఆవిడకు అది మూడు నెలలు. జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, మీరు తీసిన ప్రతి సెంటీమీటరూ ఆవిడ క్యాలెండర్‌లో ఒక నెల.

“వేళ్లతో చూపించమని అడిగాను” అని ఒకరు రాశారు. మంచిదే, చాలదు. వేళ్ల మధ్య సందు గాలిలో చూపిస్తారు. అది తీసేసేది చూపిస్తుంది, మిగిలేది చూపించదు. ఎంత తీయాలి అని ఎప్పుడూ అడగకండి, ఎంత మిగలాలి అని అడగండి. ఈ పాఠంలో ఒక్క వాక్యమే గుర్తు పెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. “కొంచెం తీయండి” అన్న మనిషినే “ఎక్కడిదాకా ఉంటే చాలు?” అని అడిగితే చెయ్యి తనంతట తానే భుజం మీదకో గడ్డం కిందకో వెళ్తుంది. ఇక అక్కడ కొలత ఉంది. చెయ్యి భుజం మీద ఆగిందా, భుజం దాటి రెండు వేళ్లు కిందికి జారిందా చూడండి. ఆ రెండు వేళ్లే గొడవంతా.

ఈ ప్రశ్న జుట్టు పొడిగా ఉన్నప్పుడే అడగాలి. ఎందుకో నా అనుభవం చెప్తాను. పని నేర్చుకుని ఏడాది కూడా కాలేదు. రింగుల జుట్టు ఆవిడ ఒకరు వచ్చారు. హడావుడిలో తల కడిగేసి, దువ్వేసి, అప్పుడు అడిగాను ఎక్కడిదాకా అని. ఆవిడ అద్దంలో చూసుకుని భుజం మీద చెయ్యి పెట్టారు. నేను గీత గీసినట్టు అక్కడికే కత్తిరించాను. ఆరబెట్టేసరికి జుట్టు గడ్డం దగ్గరికెక్కి కూర్చుంది. ఆవిడ నన్నేమీ అనలేదు. రెండు చేతులతో చివర్లు పట్టుకుని కిందికి లాగి వదిలారు. అవి పైకి వెళ్లాయి. మళ్లీ లాగారు. మళ్లీ వెళ్లాయి. “బాగుంది” అని డబ్బిచ్చి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. భుజానికీ గడ్డానికీ మధ్య పది సెంటీమీటర్లనుకున్నా ఆవిడకు అది పది నెలల సంగతి.

జరిగిందేమిటంటే, వెంట్రుక లోపల హైడ్రోజన్ బంధాలుంటాయి. నీళ్లు తగిలితే విడిపోతాయి, ఆరితే మళ్లీ కలుస్తాయి. రింగు ఆరినప్పుడే తిరిగి చుట్టుకుంటుంది. పైగా తడి జుట్టు లాగితే 30 శాతం దాకా సాగుతుంది, మనం దువ్వెనతో చేసేది ఆ లాగడమే. కాబట్టి తడి జుట్టు మీద చూపించిన భుజం, భుజం కాదు. రింగుల జుట్టయితే నేను పొడిగా ఉన్నప్పుడే సగం పని చేస్తాను. చాలామంది స్టైలిస్టులు దీన్ని ఒప్పుకోరు, గీత నీటుగా రాదంటారు. రాకపోతే పోనీ.

ఇంకా అయిపోలేదు. తల వంచి ఉండగా వెనక కొలవకండి. తల ఎత్తగానే మెడ దగ్గరి జుట్టు కొలత మారిపోతుంది. ముందు ఒక పాయ మాత్రం తీసి, అద్దంలో చూపించి, “ఇంతేనా?” అని అడగండి. ఆ మొదటి పాయ కూడా చెప్పినదానికంటే 1 సెంటీమీటరు కిందే కోయండి. కస్టమర్ ‘ఇంకాస్త’ అంటే మీరు గెలిచినట్టు. కోసినదాన్ని అతికించే జిగురు ఇంకా రాలేదు.

‘కొంచెం’కి చుట్టాలున్నారు. “చివర్లు మాత్రమే” అన్నవాళ్లు భయపడుతున్నారు, ఎక్కడో ఒకసారి మోసపోయారు. వాళ్ల దగ్గర నెమ్మదిగా, తక్కువగా. “మీ ఇష్టం, మీకేది బాగుంటుందనిపిస్తే అది చేయండి” అన్నవాళ్లు అందరికంటే ప్రమాదం. వాళ్లకు మనసులో ఒక బొమ్మ ఉంటుంది, చెప్పడానికి మొహమాటం, అంతే. వాళ్లను కత్తెర తాకకుండా ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. ఐబ్రోస్‌కి వచ్చి “షేప్ మార్చొద్దు, కొంచెం క్లీన్ చేయండి” అంటే ఆ మనిషి దారం పట్టిన చెయ్యి చూసి భయపడుతున్నట్టు. కింద నుంచి మాత్రమే తీసి అద్దం ఇవ్వండి.

“లైట్‌గా కలర్ వేయండి” అనేది ఇంకో రకం తలనొప్పి. లేత రంగు అనా, తక్కువ వేయమనా? రంగుల స్కేలు 1 నుంచి 10 దాకా ఉంటుంది, 1 నలుపు, 10 బాగా లేత బ్లాండ్ (బంగారు రంగు). నలుపు రంగు వేసుకున్న జుట్టు మీద 6వ నంబరు పెట్టి లేతగా వస్తుందని ఎదురుచూసేవాళ్లను చూశాను. ఒక రంగు ఇంకో వేసిన రంగును లేత చేయలేదు, ముందు పాతది తీయాలి. దానికి సమయం, ఖర్చు, జుట్టుకు కొంత దెబ్బ. ఇవన్నీ ముందే చెప్పాలి, తలకు ఫాయిల్ చుట్టాక కాదు.

ఫొటో తెచ్చేవాళ్లకు నాదొక అడ్డదారి ఉంది. నచ్చినవి రెండు, అస్సలొద్దనుకునేది ఒకటి చూపించమంటాను. నచ్చిన ఫొటోలో లైటింగ్ ఉంటుంది, ఫిల్టర్ ఉంటుంది, ఆ అమ్మాయి ముఖం ఉంటుంది. వద్దన్న ఫొటో దగ్గర మాత్రం వేలు సరిగ్గా ఒకచోట ఆగుతుంది: “ఇదిగో, నుదుటి మీద ఇలా పడకూడదు.” ఆ వేలు చెప్పినంత సూటిగా నచ్చిన ఫొటోలు ఎప్పుడూ చెప్పవు.

ప్యాచ్ టెస్ట్ అంటే వెళ్లిపోతారని భయపడేవారికి

ప్యాచ్ టెస్ట్ అంటే రంగు వేసేముందు అది చర్మానికి పడుతుందో లేదో కాస్త రాసి చూడటం. దాని గురించి నలుగురు ఇదే అడిగారు. కొత్త సెలూన్, వచ్చిందే ఇద్దరు కస్టమర్లు, వాళ్లను “48 గంటలయ్యాక రండి” అంటే పోరా అని. కొందరు పోతారు. మిగతావాళ్లకు మీ సెలూన్ తలుపు రెండుసార్లు తీసే పని పడుతుంది, అది మీకు లాభమే. ముదురు రంగుల్లో ఎక్కువగా పీపీడీ అనే రసాయనం ఉంటుంది. అది పడనివాళ్లకు తల, కళ్లు, ముఖం వాచిపోవచ్చు. డబ్బా మీద చెప్పినట్టు చెవి వెనకో మోచేతి మడతలోనో కాస్త రాసి, రెండు రోజులు ఆగడానికి టెన్షన్ పడొద్దు. “ఎప్పుడైనా నల్ల గోరింటాకు టాటూ వేయించుకుంటే దురద గానీ బొబ్బలు గానీ వచ్చాయా?” అని తప్పకుండా అడగండి. ఆ నల్లదనం చాలాసార్లు పీపీడీదే. అవునన్నవాళ్లకు పరీక్ష కూడా చేయకుండా డాక్టరు దగ్గరికి పంపండి. ముఖానికి వ్యాక్సింగ్ అడిగేవాళ్లను రెటినాల్ క్రీములు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నారేమో అడగండి, వ్యాక్స్‌తోపాటు చర్మం కూడా ఊడొచ్చే ప్రమాదం ఉంది. ఇలా అడిగితే కస్టమర్ విసుక్కుంటారని ఒకరు రాశారు. నన్నింతవరకూ ఎవరూ విసుక్కోలేదు. ఫారంలా చదవకుండా, తల దువ్వుతూ అడుగుతాను, బహుశా అందుకే.

అభ్యాసం

ఏడుగురిని పిలవండి. పొడి జుట్టు మీద ‘కొంచెం’ ఎంతో వేళ్లతో చూపించమని, స్కేలుతో కొలిచి రాయండి. తర్వాత ఎక్కడిదాకా ఉండాలో చేత్తో చూపించమని, అక్కడి నుంచి జుట్టు చివరిదాకా ఎంతుందో కొలవండి. తల తడిపి దువ్వి రెండో ప్రశ్నే మళ్లీ అడిగి మళ్లీ కొలవండి. మనిషికి మూడు అంకెల చొప్పున 21 రావాలి. జుట్టు రకం పక్కన రాయండి: సాఫు, అల, రింగు. కత్తెర మాత్రం ముట్టుకోవద్దు.

ఇంకోటి. మీ కుర్చీలోనే మీరు కేప్ (కస్టమర్ మెడ చుట్టూ కట్టే గుడ్డ) కట్టుకుని, ఫోన్ లేకుండా, అద్దానికి ఎదురుగా నలభై నిమిషాలు కూర్చోండి. మీ దగ్గర పనిచేసేవాళ్లు పక్కన మామూలుగా మాట్లాడుకోనీయండి. ఏమేం వినపడ్డాయో, కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనిది ఎప్పుడో, ముక్కు దురద పెడితే చెయ్యి కేప్‌లోంచి బయటికెలా వచ్చిందో రాసి పంపండి.

కొలతలు సెంటీమీటర్లలోనే పంపండి. పోయినసారి కుర్చీల మధ్య దూరం అడిగితే సగంమంది అంగుళాల్లో, ఒకరు జానల్లో పంపారు.