ఆర్గ్యుమెంటేషన్ పీహెచ్‌డీ అప్లికేషన్: ఎక్కడ తేడా కొడుతోంది?

కెనడాలోని విండ్సర్ యూనివర్సిటీ ఆర్గ్యుమెంటేషన్ స్టడీస్ (మనుషులు ఎలా వాదిస్తారు, ఏ వాదన నిలబడుతుంది అని చూసే చదువు) పీహెచ్‌డీని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఇలా రెండు మూడు శాఖలు కలిసి నడిపే కోర్సు వేరే ఎక్కడున్నా చాలావరకు ఇదే కథ. ఫారం నింపడం, ట్రాన్స్‌క్రిప్టులు తెప్పించుకోవడం, ఐఈఎల్‌టీఎస్ రాయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

సమస్య: ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టి నెలైంది, ఉలుకూ లేదు పలుకూ లేదు

నన్ను అడిగే ముందు రెండు విషయాలు చూసి రండి. ఆ ఏడాది ప్రవేశాలు ఉన్నాయా? ఇంత చిన్న కోర్సులు ఏటా మనుషుల్ని తీసుకుంటాయన్న హామీ లేదు. ఉంటే, మీరు రాసిన ఆ ప్రొఫెసర్ ఇంకా అక్కడ ఉన్నారా? ఆర్గ్యుమెంటేషన్ స్కీముల (మాటిమాటికీ కనిపించే వాదన మూసల) మీద పనిచేసిన అక్కడి ప్రొఫెసర్ డగ్లస్ వాల్టన్ 2020 జనవరిలో చనిపోయారు. ఆయన దగ్గరే పరిశోధన చేస్తానంటూ రాసిన డ్రాఫ్టులు ఆ తర్వాత కూడా నా దగ్గరికి వచ్చాయి. 1978లో విండ్సర్‌లో ఇన్‌ఫార్మల్ లాజిక్ (మామూలు భాషలో చేసే వాదనల తర్కం) మీద మొదటి సదస్సు పెట్టిన తరం ఎప్పుడో రిటైరైంది. డిపార్ట్‌మెంట్ పేజీ తెరిస్తే పది నిమిషాల్లో తేలే సంగతి ఇది. ఎవరూ తెరవరు. నెల ఎదురుచూస్తారు, ఆ తర్వాత టెన్షన్ పడతారు.

రెండూ సరిగ్గానే ఉంటే తప్పు మెయిల్‌లో ఉంది. ఒకే ఉత్తరం పేరు మార్చి ఇరవై మందికి పంపారేమో. వాళ్ల వ్యాసం ఒకటి చదివి, అందులో మీకు మింగుడుపడని చోటు గురించి నాలుగు వాక్యాలు రాయండి. పొగడ్తలు వద్దు.

సమస్య: మార్కులున్నాయి, పేపర్లున్నాయి, అయినా "మీ ఆసక్తులకు తగిన గైడ్ మా దగ్గర లేరు" అన్నారు

ఇది నాకు రెండేళ్లు అంతుచిక్కలేదు. ఒక హైదరాబాద్ అమ్మాయి, కంప్యూటర్ సైన్స్‌లో ఎంటెక్. ఎస్ఓపీ, అంటే ఏం పరిశోధన చేస్తానో, ఎందుకో చెప్పే వ్యాసం, నేనే దగ్గరుండి దిద్దాను. ఇంగ్లిష్‌లో వంక పెట్టడానికేం లేదు. సరిగ్గా ఈ జవాబే వచ్చింది. మార్కులేమో అనుకున్నాను, రెఫరెన్స్ లెటర్లేమో అనుకున్నాను. చివరికి అదే కాగితం ఫిలాసఫీ పాఠాలు చెప్పే ఒక మిత్రుడికి ఇస్తే, చదివి ఒకే మాట అడిగాడు: "ఇందులో ఆర్గ్యుమెంట్ అంటే ఏమిటి?"

అప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. రెండో పేరాలో కంప్యూటర్ సైంటిస్టు ఫాన్ మిన్ డుంగ్ 1995లో ప్రతిపాదించిన నమూనా ఉంది. అందులో ఆర్గ్యుమెంట్ అంటే ఒక చుక్క. ఏ చుక్క దేన్ని దెబ్బకొడుతోందన్నదే లెక్క, చుక్క లోపల ఏముందో పట్టదు. మూడో పేరాలో టీవీ చర్చలు, అంటే ఇద్దరి మధ్య జరిగే తగువు. నాలుగో పేరాలో నాయకుడు జనాన్ని ఎలా ఒప్పిస్తాడన్న సంగతి. విడివిడిగా చూస్తే ఏ వాక్యమూ తప్పు కాదు. కానీ ఒకే మాట కింద మూడు వేరు వేరు వస్తువులున్నాయి. కమిటీలో ఉండేది ఒక శాఖ మనుషులు కారు. తర్కం మనిషి తన పేరా చదివి బాగుందనుకున్నాడు, మిగతా రెండూ కమ్యూనికేషన్ వాళ్ల పని అనుకున్నాడు. కమ్యూనికేషన్ ఆవిడ కూడా అదే అనుకుని ఉంటుంది. అలా ఆ ఫైలు ఎవరిదీ కాకుండా పోయింది. ఒకే శాఖ నడిపే కోర్సులో ఈ తప్పు దాగిపోతుంది, ఇక్కడ దాగదు.

ఈ తిరకాసు ఇంగ్లిష్ మాటలోనే ఉంది. మనిషి చేసే ఆర్గ్యుమెంట్ వేరు, ఇద్దరు పడే ఆర్గ్యుమెంట్ వేరు అని కమ్యూనికేషన్ పండితుడు డేనియల్ ఓకీఫ్ 1977లోనే విడదీసి చెప్పాడు. మనకు ఆ బాధ లేదు. మొదటిది వాదన, రెండోది వాదులాట. తెలుగులో మామూలుగా కలపని ఈ రెండింటినీ ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు కలిపేస్తున్నాం.

కాబట్టి మందు కూడా తెలుగులోనే ఉంది. ఎస్ఓపీ ప్రింటు తీయండి. ఆర్గ్యుమెంట్ అన్న ప్రతి చోటా గీత గీసి, పక్కన తెలుగు మాట రాయండి. వాదన, వాదులాట, చర్చ, ఒప్పించడం, ఏది సరిపోతే అది. అన్నిచోట్లా ఒకే మాట వస్తే మీ జబ్బు ఇది కాదు. ఒకటికి మించి వస్తే దేన్నీ కొట్టేయకండి. వాటిని కలిపే ప్రశ్న రాయండి. ఆ అమ్మాయి రెండోసారి ఇలా రాసింది: "టీవీ చర్చలోని వాదులాట నుంచి ఒక్కొక్కరి వాదనను విడదీసి కంప్యూటర్‌కి ఇచ్చినప్పుడు, ఆ విడదీయడంలో ఏం పోతుంది?" ఇప్పుడు తర్కం, కమ్యూనికేషన్, కంప్యూటర్ మనుషులు ముగ్గురికీ పని ఉంది, ముగ్గురూ ఎందుకు కావాలో కూడా కనిపిస్తోంది. ఇక ఎక్కడైనా పక్కన రాయడానికి ఏ తెలుగు మాటా దొరకలేదంటే, అక్కడ ఏం చెప్పాలో తెలియకుండానే రాశారన్నమాట. ఆ వాక్యం తీసేయండి.

ఇదే జబ్బు తిరగబడి కూడా వస్తుంది. భారతీయత కోసమని న్యాయశాస్త్రం (చట్టం కాదు, మన పాత తర్కశాస్త్రం) మీద ఒక పేరా అతికిస్తారు. చర్చలో వాదం, జల్పం, వితండ అని మూడు రకాలు రాసి, వితండ అంటే మన ఇళ్లలో తిట్టే వితండవాదమే అన్నట్టు వివరిస్తారు. న్యాయసూత్రాల్లో వితండ అంటే తన పక్షమేదీ నిలబెట్టకుండా ఎదుటివాడి పక్షాన్ని మాత్రం ఖండించడం. మొండితనం కాదు. అది తెలిసి, మీ ప్రశ్నకు పనికొస్తేనే పెట్టండి. ఆ శాస్త్రానికి తొలి పాఠంగా చదివే తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే, సంతోషం. ఆ సంతోషానికి ఎస్ఓపీలో చోటు లేదు.

సమస్య: రైటింగ్ శాంపుల్ (మీ రాతకు నమూనాగా పంపే వ్యాసం) బలహీనంగా ఉందన్నారు

నలుగురు కలిసి రాసిన ప్రాజెక్టు రిపోర్టు పంపి ఉంటారు. అందులో మీ ఆలోచన ఏదో వాళ్లకెలా తెలుస్తుంది? మీరొక్కరే రాసింది పంపండి. లేకపోతే కొత్తగా రాయండి: ఒకరు నిజంగా చేసిన వాదన ఒక్కటి తీసుకుని, అందులో చెప్పకుండా దాటేసిన ఆధారమేదో, దానికి రాగల గట్టి అభ్యంతరమేదో చివరిదాకా తేల్చండి. సిద్ధాంతాల జాబితా అక్కర్లేదు.

మిగతావి

ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ: పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలా. రెఫరెన్స్ లెటర్: హెచ్‌ఓడీ హోదా కన్నా మీ రాత చదివిన లెక్చరర్ మేలు. జీఆర్ఈ: పేజీలో అడగకపోతే రాయొద్దు.

డెట్రాయిట్‌లో మామయ్య ఉన్నాడు, అది నదికి అవతలే కదా, అందుకే విండ్సర్ అని ఒకరు ఎస్ఓపీలోనే రాశారు. ఆ నది దాటడానికి అమెరికా వీసా వేరే కావాలి. ఆ లైను తీసేయండి.