వానల్లో ఘాట్ ఎక్కే ముందు పాత మారుతి 800 గేర్‌బాక్స్ ఇలా చూసుకోండి

అరకుకో తిరుమలకో పాత 800లో బయల్దేరేవాళ్లు బ్రేకులు చూపిస్తారు, గేర్‌బాక్స్‌ను వదిలేస్తారు. తడి ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకులు కాలిపోకుండా బండిని అదుపులో ఉంచేది సెకండ్ గేరే. కాబట్టి అది నిలుస్తోందో లేదో ముందు తేల్చుకోండి. ఖాళీగా ఉన్న వాలు రోడ్డు మీద సెకండ్‌లో వెళ్తూ, బ్రేక్ మీద కాలు సిద్ధంగా ఉంచుకుని యాక్సిలరేటర్ వదిలేయండి. లివర్ దానంతటదే న్యూట్రల్‌లోకి వచ్చేస్తే లోపల స్లీవో (గేర్‌ను పట్టి ఉంచే జారే రింగు) గేర్ పళ్లో అరిగి ఉండొచ్చు. బాక్స్ దింపించే ముందు ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు, లివర్ కింది బుష్‌లు చూడమనండి. అవి పోయినా ఇదే జరుగుతుంది, పైగా ఖర్చు తక్కువ. కారణం ఏదైనా, బాగయ్యేదాకా ఆ బండిని కొండ ఎక్కించొద్దు.

తర్వాత క్లచ్. పెడల్‌ను చేత్తో నొక్కితే మొదట కొంత దూరం తేలిగ్గా దిగాలి, సుమారు 15 నుంచి 25 మిల్లీమీటర్లు. ఆ వదులు అసలు లేకపోతే కేబుల్ బిగిసి క్లచ్ ప్లేట్ జారుతుంది, మరీ ఎక్కువైతే గేర్ గరగరమంటుంది. కేబుల్ సరిచేశాక హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, థర్డ్‌లో వేసి, క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే ప్లేట్ అయిపోయినట్టే. ఒక్కసారి చూస్తే చాలు, పదేపదే చేస్తే మంచి ప్లేట్ కూడా కాలుతుంది.

గేర్ ఆయిల్ మార్చేటప్పుడు పోసే ప్లగ్‌నే ముందు విప్పించండి. పాత బళ్లలో అది పట్టేసి ఉంటుంది. కింద ఆయిల్ కార్చేశాక పైది రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. కారిన ఆయిల్‌ను తెల్ల గుడ్డ మీద చూడండి: సన్నటి బూడిదరంగు పొడి మామూలే, గోటికి తగిలే ముక్కలుంటే బాక్స్ విప్పాల్సిందే. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. మాన్యువల్‌లో చెప్పిన చిక్కదనంలో జీఎల్-4 రకం గేర్ ఆయిల్ పోయించండి. 'ఇంకా మంచిది' అని జీఎల్-5 అంటగడితే వద్దనండి, అందులోని గంధకం రసాయనాలు గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను తినేయొచ్చు. బండి సమంగా ఉన్నప్పుడు ఆయిల్ పోసే ప్లగ్ రంధ్రం అంచు దాకా రావాలి. యాక్సిల్ సీళ్ల దగ్గర (చక్రాలను తిప్పే రాడ్లు బాక్స్‌లోంచి బయటికొచ్చే చోట ఆయిల్ ఆపే రింగులు) ఆయిల్ తడి ఉంటే వాటిని అప్పుడే మార్పించేయండి.

దారిలో నీళ్లలోంచి వెళ్లాల్సి వస్తే, తిరిగొచ్చాక ఆ ఆయిల్ మళ్లీ చూడండి. దిగుడు మొదలవక ముందే సెకండ్‌లోకి రండి. మలుపు మధ్యలో గేర్ తగ్గించబోయి అది పడకపోతే బండి న్యూట్రల్‌లోనే జారుతుంది.